ఒక్క దమ్ము గీత

ఆ ఎండాకాలం మా ఇంట్లో జరిగినదానికంతా కారణం ఒక బటన్. కంప్యూటర్‌లో అక్షరాన్ని పక్కకు వాల్చే బటన్.

పినపాకలో కోటేషన్న ఫ్లెక్సు షాపులో నేను డిజైనర్‌ని. డిజైనర్ అంటే మరీ ఊహించుకోకండి. పుట్టినరోజు ఫ్లెక్సులో ఎవరి తల పక్కన ఎవరి తల పెట్టాలో, ఎవరిది ఎంత పెద్దగా ఉంటే గొడవ రాదో తెలిసిన మనిషి అని అర్థం. ఏప్రిల్ ఆఖరి వారం, పెళ్లి ఫ్లెక్సులతో తల తిరిగిపోతున్న పూట, దస్రు తండా నుంచి సోని వచ్చింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తండా ఆడపిల్లల కబడ్డీ టీముకు కెప్టెన్. పొద్దున్నే అడవికి పోయి బీడీల తునికాకు కోసి వచ్చినట్టుంది, గోళ్ల చుట్టూ మరక ఇంకా వదల్లేదు.

"అక్కా, పన్నెండు జెర్సీలు. వీపు మీద నంబరు, నంబరు మీద మా తండా పేరు. గిట్లుండాలె," అంటూ ఫోను నా ముందు పెట్టింది.

ఫోటోలో ఎవరిదో పెద్ద టీము జెర్సీ. మీదున్నవి ఇంగ్లీషు అక్షరాలు. బాగా లావుగా, అన్నీ ఒకే వైపుకు వాలి, ఇప్పుడే ఉరకబోతున్నట్టున్నాయి. ప్రతి అక్షరానికీ కిందా పైనా దిమ్మెల్లాంటి మందమైన పాదాలు. ముందుకు వాలినా పడిపోకుండా ఆ దిమ్మెలే వాటిని నిలబెడుతున్నాయి.

"ఇసోంటియే కావాలె. కానీ తెలుగుల," అంది సోని.

"ఇంగ్లీషుల అయితే సాయంత్రానికి చేసిస్త," అన్నాడు కోటేషన్న గల్లా దగ్గర నుంచి.

"వద్దన్నా. మా అమ్మ సంఘం మీటింగులకు పోయి తెలుగు చదువుడు నేర్చుకున్నది. పోయినసారి నా వీపు మీద ఏం రాసున్నదో నేనే ఆమెకు చదివి చెప్పాల్సొచ్చింది. ఈసారి ఆమెనే చదువాలె. భద్రాచలంల టోర్నమెంటు, మే ఆఖరి ఆదివారం."

అదెంత పని అనుకున్నాను. 'దస్రు తండా' అని కొట్టి, లావు చేసి, ఆ బటన్ నొక్కాను. అక్షరాలు వాలాయి. ద మీది తలకట్టు గాలికి లేచిన టోపీలా పక్కకు జారింది. స కింద రాసే ర వత్తును మేము క్రావడి అంటాం, అది స ను వదిలేసి పక్క అక్షరం మీద పడింది. ఇక దిమ్మెల సంగతి సరేసరి. ఇంగ్లీషు అక్షరాలకు నిలువు గీతలుంటాయి, గీత చివర దిమ్మె పెట్టొచ్చు. మనవన్నీ గుండ్రాలే. గుండ్రంగా ఉన్నదానికి కాలు ఎక్కడని వెతకాలి?

సోని తల అటూ ఇటూ వంచి చూసింది.

"ఉరుకుతున్నట్టు లేవక్కా. తూలుతున్నట్టున్నయి."

నిజమే. ఎందుకు తూలుతున్నాయో మాత్రం నాకు తెలియలేదు. తెలిసిన మనిషి మండలం మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. కాకపోతే నాతో మాట్లాడడు.

మా నాన్న అంతోనయ్య ముప్పై ఏళ్లు బొగ్గు లారీల మీద, బడి గోడల మీద, చర్చి బోర్డుల మీద అక్షరాలు రాశాడు. లారీ ఎటు పోతుందో అక్షరం కూడా అటే వాలాలని ఆయన పట్టుదల. అందుకని లారీ కుడిపక్క రాతను కుడికి, ఎడమపక్క రాతను ఎడమకు వాల్చేవాడు. అది చూసి డ్రైవర్లు నవ్వేవాళ్లు, మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. నాలుగేళ్ల కిందట నేను కోటేషన్న షాపులో చేరిన నెలలోనే నాన్న కుంచెల డబ్బాను అటకెక్కించాడు. కూతురే తండ్రి నోటికాడి కూడు లాగేసిందని ఊళ్లో అనుకున్నారు. నేనూ అదే నమ్మాను. ఆనాటి నుంచి మా ఇద్దరి మధ్య "తిన్నవా" "అవ్" తప్ప వేరే మాట లేదు.

కాబట్టి ఉన్నమాట చెప్పేస్తాను. సోని జెర్సీలు నాకొక సాకు. నాన్న మళ్లీ కుంచె పట్టాలి, నాతో నాలుగు మాటలు మాట్లాడాలి. ఆ ఎండాకాలం నాకు కావలసింది అదొక్కటే.

ఆ సాయంత్రం నా తూలే అక్షరాల ప్రింటు తీసి, మూలన 'కబడ్డీ జెర్సీలకు' అని రాసి, నాన్న చాయ్ గ్లాసు పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు పొయ్యి దగ్గరికి వెళ్లాను. ఆయన చాయ్ తాగాడు. కాగితం వైపు చూసినట్టు కూడా లేదు. పొద్దున లేచి చూస్తే దాని మీద పెన్సిల్ గుర్తులున్నాయి. మూడు తలకట్ల చుట్టూ మూడు సున్నాలు చుట్టి, కింద ఆయన ముత్యాల రాతలో ఒక ప్రశ్న.

'ఆడేటప్పుడు వాళ్లు తల ఎట్ల పెడతరు?'

'తిన్నవా' కాకుండా నాలుగేళ్లలో నాన్న నన్ను అడిగిన మొదటి ప్రశ్న. తండ్రికి అహం, కూతురికి బిడియం ఉంటే ఏమవుతుంది? నేనూ ఆ కాగితం మీదే జవాబు రాశాను. 'నాకు తెల్వదు. సాయంత్రం తండాకు పోతున్న. వస్తవా?'

మధ్యాహ్నానికి కింద 'వస్త' అని పడింది.

ఇదంతా చూస్తున్న మా అమ్మ సవరమ్మ చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "ఇద్దరికీ నోర్లు పడిపోయినయా ఏంది? ఇంట్ల పోస్టాఫీసు పెట్టుకున్నరు," అంది.

తండాకు స్కూటీ మీద పోయాం. బరి అంటే చదును చేసిన మిరప కల్లమే. సున్నంతో గీతలు గీశారు. పిల్లలు ఆకు కట్టలు అప్పజెప్పి, మొహాలు కడుక్కుని వచ్చారు. సోని మధ్య గీత మీద నిలబడి, ఊపిరి నిండా పీల్చుకుని, "కబడ్డీ కబడ్డీ" అంటూ అటువైపు దూకింది. ఆ అరుపునే కూత అంటారు. మళ్లీ గీత దాటి వచ్చేదాకా కూత తెగకూడదు. తెగితే ఔటు.

నాన్న చేతులు వెనక్కి కట్టుకుని గీత పక్కనే నిలబడ్డాడు. నన్ను మరచిపోయాడు. నా చిన్నప్పుడు కొత్త లారీ వస్తే దాని చుట్టూ ఇలాగే తిరిగేవాడు.

"మళ్లొకసారి పోతవా బిడ్డా?" అని సోనిని అడిగాడు.

ఆమె పోయింది. ఇంకోసారి అడిగాడు. మూడోసారి పోయొచ్చాక దగ్గరికి పిలిచాడు.

"ఒళ్లంత ముందుకు వాలుస్తున్నవు గదా. తల ఎందుకు వాల్చవు?"

"తల వాలిస్తే కాళ్లు పట్టేటోళ్లు కనిపియ్యరు అంకుల్. ఒళ్లు ఎంతన్న వంగనీ, తల మాత్రం సమానంగ ఉండాలె. లేకుంటే పడతం."

నాన్న గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో లెక్క కూడా నాకు గుర్తులేదు. అక్కడే దుమ్ములో చతికిలబడి పుల్లతో ద రాశాడు. కింది ఒళ్లంతా వాల్చి, పైన తలకట్టును మాత్రం నేలకు సమానంగా, బల్లపరుపుగా, బొటనవేలంత మందంగా పెట్టాడు. ఆ అక్షరం వాలింది, కానీ తూలలేదు.

"నువ్వు తలను గూడ వంచినవు. అందుకే పడుతున్నయి," అన్నాడు నా వైపు చూడకుండా. "ఇంగ్లీషు అక్షరాలు దిమ్మెలు కాళ్లకు కట్టుకుంటయి. మనయి తలకు పెట్టుకోవాలె."

ఆయన నాతోనే మాట్లాడుతున్నాడని అర్థం కావడానికి నాకు కాస్త సమయం పట్టింది.

మేం లేచే ముందు సోని ఇంకో కూత ఎత్తుకుంది. నాన్న కూడా సరదాకు ఆమెతో పాటు పెదాల మీదే "కబడ్డీ కబడ్డీ" మొదలుపెట్టాడు. సోని ఇంకా అటువైపు సగంలోనే ఉంది. నాన్న కూత ఆగిపోయింది. స్కూటీ సీటు పట్టుకుని దగ్గాడు.

"దుమ్ము," అన్నాడు.

దుమ్మేననుకున్నాను.

ఆ తర్వాతి ఎనిమిది రోజులు మా ఇంట్లో పండుగే. పొద్దున వసారాలో నాన్న పెన్సిల్‌తో గీయడం, మధ్యాహ్నం నేను దాన్ని షాపులో కంప్యూటర్‌కు ఎక్కించడం, సాయంత్రం ప్రింటు తెచ్చి ఆయన ముందు పెట్టడం, ఆయన తప్పులు పట్టడం. మాటలన్నీ అక్షరాల గురించే, అయినా అవి మాటలే. తెర మీద గీత వెంట ఉండే చుక్కలను నా ఫోనులోని ఫోటోలో చూసి "ఈ మొటిమలేంది?" అని అడిగాడు. ఆ చుక్కను లాగితే గీత వంగుతుందని చెబితే నమ్మలేదు. సున్నతో ఒక రోజంతా తగాదా పడ్డాడు. దానికి తలా లేదు కాలూ లేదు, వాలిస్తే కోడిగుడ్డు అవుతోంది. చివరికి సున్న లోపలి ఖాళీని మాత్రం వాల్చి, బయటి ఒళ్లు కాస్త నొక్కాడు. కుదిరింది. డా దీర్ఘం చివర కూడా ఒక దిమ్మె పెట్టాడు.

మిగిలింది క్రావడి. అక్కడే ఆయనకు గొప్ప ఆలోచన వచ్చింది.

"స్రు కింద క్రావడిని ఆడనే ఆపొద్దు. తండా కింద నుంచి డా చివరిదాక గుంజుదం. పేరు మొత్తానికి అదే అడుగు గీత. కానీ పెన్సిల్‌తోని రాదు. కుంచెతోని ఒక్క గుంజుల రావాలె," అన్నాడు.

అటక మీది నుంచి డబ్బా దింపమన్నాడు. దింపి, నా చున్నీతోనే దాని దుమ్ము తుడిచాను. సంతోషంతో మనిషికి పిచ్చెక్కుతుందంటే నేను నమ్ముతాను. ఆ రోజు షాపులో ఒక పెళ్లికొడుకు ఫోటో బదులు వాళ్ల బావమరిది ఫోటో పెట్టి కోటేషన్నతో తిట్లు తిన్నాను.

కానీ ఆ గీత రాలేదు. "ఇయ్యాల అయిందా?" అంటే "రేపు" అనేవాడు. అలా వారం పైనే గడిచింది. టోర్నమెంటు పది రోజుల్లోకి వచ్చింది. మళ్లీ మాట తగ్గింది. ఏం తప్పు చేశానా అని నాలో నేనే వెతుక్కున్నాను. నాలుగేళ్లుగా అది నాకు అలవాటైన పనే.

ఒక మధ్యాహ్నం ఫోను చార్జర్ కోసం ఇంటికి వచ్చాను. నాన్న లేడు. చార్జర్ మంచం కింద పడిందేమోనని వంగితే పాత పేపర్ల కట్ట కనిపించింది. విప్పాను. ప్రతి పేపరు మీదా ఒకే గీత, నల్ల రంగులో. స ఉండే చోట లావుగా మొదలై, త కింద హుషారుగా సాగి, డా దగ్గరికి వచ్చేసరికి వణికి తెగిపోయింది. ముప్పై పేపర్ల దాకా ఉన్నాయి. అన్నిటిలోనూ దాదాపు అక్కడే తెగింది.

వెనక అమ్మ నిలబడి ఉంది.

"చూసినవా," అంది. "దమ్ము ఆగుతలేదు ఆయనకు. గా కరోనా వచ్చినకాణ్ణుంచి గంతే. పెద్ద గీత ఒక్క దమ్ముల గుంజాలె గదా. నడుమల ఊపిరి పీలిస్తే చెయ్యి కదులుతది."

"మరి కుంచెలు పక్కన పెట్టింది నా మీద కోపంతోని కాదా?"

"నీ మీద కోపమేంది? ఊరోళ్లు గట్లనుకున్నరు, ఈయన ఊకున్నడు. దమ్ము పోయిందంటే జాలి పడతరు. కోపమొచ్చి మానేసిండంటే మర్యాదుంటది."

"నా ఒక్కదానికన్న చెప్పొచ్చు గదా అమ్మా?"

"చెప్తె నువ్వు నౌకరి ఇడిసిపెట్టి దవాఖానల చుట్టు తిప్పుతవని. నాతోని ఒట్టు ఏయించుకున్నడు. కాయితాలల్ల దొరికినంక ఇగ ఒట్టేంది."

నాకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. చేయని తప్పుకు నాలుగేళ్లు తల దించుకుని తిన్న అన్నమంతా గుర్తొచ్చింది. ఆ తలను చూస్తూ ఎదురుగా కూర్చుని ఆయన ఎలా తిన్నాడో కూడా గుర్తొచ్చింది. అప్పుడు ఏడుపే మిగిలింది.

ఆ సాయంత్రం కాగితాల సంగతి ఎత్తకుండా అడిగాను. "నాన్నా, గీత రెండు ముక్కలుగ గీసియ్యి. కంప్యూటర్ల జోడిస్త. అతుకు కనిపియ్యది."

"నీకు కనిపియ్యది," అన్నాడు. "నాకు కనిపిస్తది."

సరే, జోడించను అనుకున్నాను. నేను ఇంకో తెలివి చేశాను. ఆ పేపర్లలో మంచిది ఒకటి ఎత్తుకెళ్లి, తెగిన చోటును తెగినట్టే ఉంచేశాను. తెగిన తర్వాత రెండు చిన్న గీతలు పెడితే వేగంలో చెదిరినట్టు ఉంది. నాన్న గీతను నాన్న గీతగానే ఉంచానని నాకు గర్వం కూడా. పసుపు షీటు కత్తిరించి, మెరూన్ జెర్సీ మీద మిషన్‌తో అంటించి, సోనిని పిలిచాను.

సోని జెర్సీని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. మొహం వెలిగింది. అంతలోనే వెలుగు తగ్గింది.

"అక్షరాలు మస్తున్నయి అక్కా. కానీ ఈ గీత నడుమల తెగింది."

"అది స్టైలు."

"కూత తెగినట్టున్నది అక్కా." గొంతు తగ్గించి చెప్పింది, నన్ను నొప్పించకూడదని. "ఇది వీపు మీదేసుకొని బరిలకు పోతే పిల్లలు భయపడతరు. తెగింది మేం ఏసుకోం. ఏమనుకోకు."

కోటేషన్న గల్లా దగ్గర నుంచి, "ఇంగ్లీషుల అయితే సాయంత్రానికి..." అని మొదలుపెట్టి నా మొహం చూసి ఆపేశాడు.

ఇంటికి వెళ్లేసరికి నాన్న వసారాలో ఉన్నాడు. సోని అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. తర్వాత, "పేపర్లు చూసిన," అన్నాను.

ఆయన కుంచెల డబ్బా మూతను తీశాడు, మళ్లీ పెట్టాడు. క్షమించమంటాడేమో, నేనే అడగాలేమో అనుకున్నాను. ఆయన అడిగింది ఇంకోటి.

"కూత తెగబోతుంటే వాళ్లేం జేస్తరు?"

"గీత దాటి వాపసొస్తరు."

"తర్వాత?"

"తర్వాత ఇంకొకరు పోతరు."

నాన్న తల ఊపాడు. "చిన్నప్పుడు నీతోని అక్షరాల లోపల రంగు నింపిచ్చేటోణ్ణి. యాదున్నదా?"

"ఉన్నది."

"ఇంకో కుంచె తియ్యి."

వసారా నేల మీద పెద్ద కాగితం పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాం. ఆయన స ఉండే చోట, నేను డా ఉండే చోట మోకాళ్ల మీద కూర్చున్నాం. నా కుంచెకూ రంగు ముంచి ఇచ్చాడు.

"నా దమ్ము అయిపోయినంక అందుకుందమనుకోకు. అప్పటికి గీత వణుకుతది. అయిపోకముందే అందుకోవాలె."

మొదటిసారి నేను ఆలస్యం చేశాను. రెండోసారి తొందరపడి ఆయన కుంచెను గుద్దాను. మౌస్ పట్టిన చెయ్యి, కుంచె పట్టగానే కట్టెలా బిగుసుకుపోయింది. మూడోసారి రంగు చుక్క పడింది. తిడతాడనుకున్నాను. తిట్టలేదు, కాగితం మార్చాడు. అమ్మ గడప మీద కూర్చుని, మాట్లాడితే గీత చెడుతుందని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గీతనే చూస్తుంటే ఎప్పుడు అందుకోవాలో తెలియడం లేదు. అందుకని ఆరోసారి చూడటం మానేసి నాన్న ఊపిరి విన్నాను. బిగబట్టిన ఊపిరికి కూడా చప్పుడుంటుందని అప్పుడే తెలిసింది. ముక్కు దగ్గర సన్నగా, దారం లాగినట్టు ఒక శబ్దం. అది ఇంకా గట్టిగా ఉండగానే నేను ఊపిరి బిగబట్టి, ఆయన తడి గీతలోకి నా కుంచెను దించాను. ఆయన కుంచె మెల్లగా లేచింది. నాది డా చివరిదాకా పోయింది.

ఇద్దరం ఒకేసారి గాలి వదిలాం.

"ఆరనీ," అన్నాడు నాన్న.

భద్రాచలంలో ఆ ఆదివారం ఎండ ఎలా ఉందంటే గ్రౌండు చుట్టూ కట్టిన తాడు కూడా పట్టుకోలేకపోయాం. పన్నెండు మంది వరసగా దిగారు. మెరూన్ మీద పసుపు అక్షరాలు, ఒళ్లు ముందుకు వాల్చి, తలలు సమానంగా పెట్టి. సోని వాళ్లమ్మ ప్రమీల నా పక్కనే నిలబడి వేలితో గాలిలో ఒక్కో అక్షరమే పట్టుకుంటూ చదివింది. "ద... స్రు... తం... డా." ఎవరూ సాయం చేయలేదు. మళ్లీ మొదటి నుంచి చదివింది, ఈసారి గట్టిగా. పక్క ఊరివాళ్లు తిరిగి చూసినా ఆపలేదు.

గెలిచారా అంటారేమో. సెమీఫైనల్లో రెండు పాయింట్లతో ఓడిపోయారు. సోని కూత మాత్రం ఒక్కసారి కూడా తెగలేదు.

ఆట నడుస్తుంటే అందరి కళ్లూ బరి మీద ఉన్నాయి. నాన్న మాత్రం కళ్లు చికిలించి సోని వీపునే చూస్తున్నాడు. ఆమె ఎటు పోతే అటు మెడ తిప్పుతున్నాడు. ఆమె మా వైపు గీత దగ్గరికి వచ్చి నిలబడితే తాడు మీద నుంచి ఇంకా ముందుకు వంగాడు.

"ఏం చూస్తున్నవ్ నాన్నా?"

"అతుకు," అన్నాడు చూపు తిప్పకుండా. "నా గీత ఏడ అయిపోయింది, నీది ఏడ మొదలైంది అని పొద్దుటికెల్లి ఎతుకుతున్న. దొరుకుతలేదు బిడ్డా."